ఇద్దరే డైరెక్టర్లు: ఒకరు రాకపోతే బోర్డు మీటింగ్ సంగతేంటి?

ప్రశ్న: ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, వాటా చెరి సగం. ఒకాయన మీటింగులకు రావడం మానేస్తే రెండోవారే తీర్మానం చేయొచ్చా?

జవాబు 1: కుదరదండీ. కంపెనీల చట్టం సెక్షన్ 174 ప్రకారం కోరం, అంటే మీటింగ్ చెల్లడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, డైరెక్టర్లలో మూడో వంతు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అది. వచ్చే వారం అదే రోజుకి వాయిదా పడినా ఇద్దరుండాల్సిందే. వీడియోలో చేరినా లెక్కే.

జవాబు 2: షేర్‌హోల్డర్ల మీటింగ్ పెట్టి మూడో డైరెక్టర్‌ని తెద్దామన్నా అక్కడా ఇద్దరు సభ్యులు కావాలి. ఇక అదే చట్టం సెక్షన్ 98 కింద కంపెనీ లా ట్రిబ్యునల్‌కెళ్లి (ఎన్‌సీఎల్‌టీ), ఒక్కరున్నా మీటింగే అనే ఆర్డర్ అడగాలి. ఖర్చూ, ఆలస్యమూ.

జవాబు 3: సయోధ్య ఉండగానే మూడో మనిషిని తీసుకోండి. ఆయన సమ్మతి డీఐఆర్-2 ఫారంలో తీసుకుని, 30 రోజుల్లో నియామకం సంగతి డీఐఆర్-12 ఫారంలో కంపెనీల రిజిస్ట్రార్‌కి తెలపాలి. బావమరిదిని మాత్రం వద్దు, అది మూడో ఓటు కాదు, ఉన్న ఓటుకే జిరాక్స్!