వర్టస్ తీసుకోవాలా, టైగన్ తీసుకోవాలా? ఇంట్లో తేలడం లేదు

మియాపూర్_మెట్రో:
అందరికీ నమస్కారం. పాత హ్యాచ్‌బ్యాక్ మార్చే టైమ్ వచ్చింది. నాకు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ మీద మనసుంది, అది డిక్కీ విడిగా ఉండే సెడాన్. ఇంట్లో వాళ్లు అదే కంపెనీ ఎస్‌యూవీ, అంటే కాస్త ఎత్తు బండి, టైగన్ తీసుకోమంటున్నారు. రెండిటిలోనూ 1.0 టర్బో పెట్రోల్ ఆటోమేటిక్‌నే చూస్తున్నాను, అంటే ఇంజిన్ ఒకటే, పవర్ 115 పీఎస్. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి, ఎక్కువగా నేనొక్కడినే. పండగలకి అమలాపురం దగ్గర మా ఊరు వెళ్తాం. రావులపాలెం దాకా హైవే, ఆ తర్వాత కాలవ గట్టు రోడ్లు. అమ్మానాన్న ఊళ్లోనే ఉంటారు, నాన్నకి మోకాళ్ల నొప్పులు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ కాస్త నిటారుగా ఉంటుంది. రెండూ నడిపినవాళ్లు చెప్పండి.

రాత్రి_హైవే:
వర్టస్. ఆలోచించేదేమీ లేదు. రెండూ ఒకే ప్లాట్‌ఫారం మీద కట్టినవి. వీల్‌బేస్, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, రెండిటికీ 2651 మి.మీ. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో రెండిటికీ 5 స్టార్లు. డిక్కీ మాత్రం వర్టస్‌ది 521 లీటర్లు, టైగన్‌ది 385. ఊరి నుంచి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, కొబ్బరికాయలు, పచ్చడి జాడీలు ఎక్కడ పెడతారు? ఇక గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) అంటారా, వర్టస్‌ది 179, టైగన్‌ది 188. తేడా 9 మి.మీ. చిటికెన వేలంత కూడా లేదు. మీ ఇంట్లో వాళ్లు ఎస్‌యూవీ అని మురిసిపోతున్నది దీనికే.

గోదారి_గట్టు:
రాత్రి_హైవే గారూ, మీరు కాలవ గట్టు రోడ్డు మీద ఎప్పుడైనా బండి తోలారా అండి? ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే సగం బండి మట్టిలోకి దించాలి. గట్టు అంచు కోసుకుపోయి ఉంటుంది. అక్కడ కేటలాగులో అంకెలు పనిచెయ్యవు. నా పాత సెడాన్‌కి ముందు బంపర్ కింద ప్లాస్టిక్ రెండుసార్లు ఊడింది.

రాత్రి_హైవే:
బంపర్ తగలడం వేరు, అడుగు తగలడం వేరు. స్పీడ్ బ్రేకర్ మీద అడుగు తగిలేది రెండు చక్రాల మధ్య. ఆ దూరం రెండు బళ్లకీ ఒకటే అని పైనే చెప్పాను. 9 మి.మీ.తో ఏ గట్టూ దాటలేరు.

గోదారి_గట్టు:
ఒప్పుకున్నారుగా, బంపర్ వేరు అని! వర్టస్ పొడవు 4561, టైగన్ 4221. ఆ 34 సెంటీమీటర్లూ చక్రాల మధ్య లేవు కాబట్టి ముందూ వెనకా బయటికి వేలాడుతున్నట్టే. నిటారు సెల్లార్ ర్యాంప్ దిగేటప్పుడు ముందు నేలని తాకేది ముక్కే. మియాపూర్_మెట్రో గారు ర్యాంప్ సంగతి మొదటి పోస్టులోనే రాశారు. మీరు చదవలేదు.

సీసీ_లెక్కలు:
ఎస్‌యూవీకి జీఎస్టీ ఎక్కువ కదా? అది కూడా చూసుకోండి.

పాత_డ్రైవరు:
ఈ రెండిటికీ తేడా లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండూ 40 శాతం స్లాబే. అంతకుముందు కూడా 1500 సీసీ లోపు కాబట్టి సెస్సుతో కలిపి రెండిటికీ 45 శాతమే పడేది. 50 శాతం కట్టించుకున్నది 1500 సీసీ దాటి, 4 మీటర్ల పొడవు దాటి, 170 మి.మీ., ఆపైన క్లియరెన్స్ ఉన్నవాటికి. లైఫ్ టాక్స్ బండి ధరని బట్టి.

హోండా_హోండా:
9 మి.మీ.కే ఇంత గొడవా? హోండాలో సెడాన్ సిటీ 165, ఎస్‌యూవీ ఎలివేట్ 220. ఎత్తు కావాలంటే అలా ఉండాలి. ఇంజిన్ రెండిటికీ అదే 1.5 పెట్రోల్.

రాత్రి_హైవే:
ఆయన అడిగింది హోండా కాదు.

రాత్రి_హైవే:
ర్యాంప్ సంగతి. ఏటవాలుగా దింపితే బంపర్ తగలదు. నేను ఏళ్ల తరబడి అలాగే దింపాను. ఎత్తు పెరిగితే మలుపులో బండి వాలుతుంది, ఇది ఎవరూ కాదనలేరు. రాత్రి పూట విజయవాడ హైవే మీద లారీని దాటి వెంటనే లేన్‌లోకి రావాల్సి వస్తే సెడాన్ ఎంత కుదురుగా ఉంటుందో నడిపినవాడికే తెలుస్తుంది. దేశంలో అమ్ముడయ్యే కార్లలో సగానికి పైగా ఎస్‌యూవీలే అయిపోయాయి, అంతమాత్రాన అందరూ తూకం వేసి కొంటున్నారా? పక్కింటివాడు కొన్నాడని కొంటున్నారు. నిక్షేపంలాంటి మారుతి సెడాన్ సియాజ్ 2025లో ఆగిపోయింది. ఇలాగే పోతే మన పిల్లలకి సెడాన్ అంటే ట్యాక్సీయే.

నీళ్లలో_నిలబడ్డ:
వర్షం మాటేంటి? 2020 అక్టోబర్ వరద నాకింకా గుర్తుంది. హైదరాబాద్‌లో ఉంటూ సెడాన్ అంటే ధైర్యమే.

పాత_డ్రైవరు:
2020 అక్టోబర్‌లో మా సెల్లార్‌లో మునిగినవాటిలో ఎస్‌యూవీలూ ఉన్నాయి తమ్ముడూ. ఏ బండి అయినా గాలి పీల్చే గొట్టం దాకా నీళ్లు వస్తే ఇంజిన్ పోయినట్టే. నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చెయ్యకుండా తోయించాలి. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా వేయించుకోండి, మామూలు పాలసీతో ఇంజిన్ డబ్బులు రావడం కష్టం.

గోదారి_గట్టు:
పక్కింటివాడిని చూసి కొన్నామా అండి మేము? సెడాన్ అమ్మేసి ఎత్తు బండి తీసుకున్నది మా అమ్మ కోసం. ఎక్కాలంటే వంగి, తల లోపలికి పెట్టి, కూలబడాలి. దిగాలంటే తలుపు పట్టుకుని లేవాలి. మేమిద్దరం చెరో చెయ్యీ పట్టుకునేవాళ్లం. చివరికి పెళ్లిళ్లకి పిలిచినా "నేను రాన్లేరా, మీరు వెళ్లిరండి" అనడం మొదలుపెట్టింది. మీకు మలుపులో కుదురు కావాలి. మాకు మనిషి బండెక్కితే చాలు.

స్టీరింగ్_శిరీషం:
మా ఇంట్లో డ్రైవర్ని నేనే. ఇంతసేపు కొట్టుకున్నారు కానీ సీటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ఒక్కరూ రాయలేదు. మోకాళ్ల నొప్పికి కావాల్సింది ఆ కొలత, అడుగున ఉండేది కాదు. టైగన్‌లో సీటు ఎత్తుగా ఉంటుంది కాబట్టి మా అత్తగారు పక్కకి జరిగి కూర్చుంటారు, వర్టస్‌లో అయితే కిందికి దిగాలి. పైగా దాని వెనక కప్పు వాలుగా ఉంటుంది, తల వంచక తప్పదు.

రాత్రి_హైవే:
సరే మేడం, అది నిజమే అనుకుందాం. కానీ ఆయన నాన్నగారు ఊళ్లో ఉంటారు. ఏడాదికి ఎన్నిసార్లు ఎక్కుతారు ఆ బండి? మిగతా రోజులన్నీ గచ్చిబౌలి ట్రాఫిక్‌లో స్టీరింగ్ పట్టుకునేది ఈయన. ఏళ్ల తరబడి ఈఎంఐ కట్టేది ఈయన. ఇష్టమైనది కొనుక్కునే హక్కు కూడా లేదా?

గోదారి_గట్టు:
ఓహో. అమ్మానాన్నల్ని కూడా రోజులు లెక్కపెట్టి బండెక్కిస్తారన్నమాట. చాలా బాగుందండి.

రాత్రి_హైవే:
మాటలు జాగ్రత్త. మా నాన్నని నేను ఎలా చూసుకున్నానో మీకు చెప్పాల్సిన పని లేదు. నా సంగతి వినండి. ఇష్టపడి కొనుక్కున్న సెడాన్. అత్తారింట్లో ప్రతి ఫంక్షన్‌కీ అదే మాట: "అల్లుడుగారు ఇంకా ఈ కిందబడ్డ కారే వాడుతున్నారా?" బావమరిది పెద్ద బండి కొన్నాడని అందరూ దాని ముందు నిలబడి ఫొటోలు. చివరికి మా ఆవిడ కూడా వాళ్లతో కలిసింది. అమ్మేశాను. ఇప్పుడున్న ఎత్తు బండి ఒక్క రోజు కూడా సరదాగా నడపలేదు. మోకాళ్ల పేరు ఎవరూ ఎత్తలేదు మా ఇంట్లో, అంతా దర్జా కోసమే. అందుకే ఈయనకి చెప్తున్నా, ఇంట్లో వాళ్లు అన్నారని కొనొద్దు.

గోదారి_గట్టు:
మీ బావమరిది మీద కోపం ఈయన నాన్నగారి మీద చూపిస్తే ఎలా అండి?

ఈఎంఐ_బాధితుడు:
😂😂

పాత_డ్రైవరు:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇంతకీ మియాపూర్_మెట్రో గారూ, టైగన్ అడుగుతున్నది మీ నాన్నగారా, ఇంకెవరైనానా? ఎవరు ఎందుకు అడుగుతున్నారో మీరు రాయలేదు.

మియాపూర్_మెట్రో:
నాన్న ఏమీ అనలేదు అన్నా. ఆయన్ని అడిగితే "నీకు నచ్చింది తీసుకో" అంటారు, అంతే. టైగన్ అంటున్నది మా ఆవిడ, మా అన్నయ్య. అన్నయ్యది దర్జా లెక్కే, అందులో దాపరికం లేదు. మా ఆవిడ మాత్రం నాన్నకి ఆపరేషన్ చేయించాల్సి వస్తే ఇక్కడికే తీసుకురావాలి, తర్వాత కొన్నాళ్లు మన దగ్గరే ఉంటారు అంటోంది. అది ఇంకా ఖాయం కాలేదు, అందుకే రాయలేదు.

స్టీరింగ్_శిరీషం:
ముందే రాయాల్సిన ముక్క అది. ఆపరేషన్ అయ్యాక మోకాలు పూర్తిగా వంగదు, మా అత్తగారికి చూశాను. ఏడాదికి ఎన్నిసార్లు అన్న లెక్క ఇక చెల్లదు.

రాత్రి_హైవే:
ఖాయం కాని ఆపరేషన్ కోసం బండి మార్చుకుంటారా? ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపితే సెడాన్‌లో కూడా కాలు చాపుకోవచ్చు. పైగా ఆ రోజుకి క్యాబ్ ఉంటుంది.

గోదారి_గట్టు:
ఆపరేషన్ అయిన మనిషిని క్యాబ్‌లో పంపి, ఇంటి బండిలో ఒక్కడూ ఆఫీసుకి వెళ్లాలా?

మియాపూర్_మెట్రో:
ఈ నెలాఖరుకి డాక్టరుకి చూపించడానికి నాన్న హైదరాబాద్ వస్తున్నారు. షోరూంకి తీసుకెళ్లి రెండూ ఎక్కిద్దామనుకుంటున్నా.

గోదారి_గట్టు:
వెనక సీటులో కూర్చోబెట్టి చూడండి. ఎక్కడం ఒక్కటే కాదు, దిగడం చూడండి, మీరు చెయ్యి ఇవ్వకుండా.

రాత్రి_హైవే:
ముందు సీటులో కూడా. ఆ తర్వాత రెండూ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద మీరొక్కరే నడపండి, సేల్స్‌వాడిని పక్కన కూర్చోబెట్టుకోకండి.

సీసీ_లెక్కలు:
ఈ రేంజ్‌లో డీజిల్ ఆటోమేటిక్ ఏమున్నాయో ఎవరైనా చెప్తారా?