కార్బన్ తగ్గాలంటే ముందు కావాల్సింది కొత్త టెక్నాలజీనా, తక్కువ వడ్డీనా?

రవికిరణ్_వనస్థలిపురం:
సోలార్ ప్యానెళ్లు చవకయ్యాయి కాబట్టి కార్బన్ దానంతట అదే తగ్గుతుందని మా ఆఫీసులో ఒకాయన వాదన. నేను ఒప్పుకోను. 2015 చివర్లో కర్నూలు జిల్లా గని దగ్గరి సోలార్ పార్కు వేలంలో యూనిట్ ధర 4.63 రూపాయలు పలికింది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44కు దిగింది. ఈ ఏడాదిన్నరలో ప్యానెల్ ధర పడిపోయిన మాట నిజం. కానీ తక్కువ వడ్డీకి డబ్బు దొరకడం కూడా అంతే నిజం. సోలార్‌కు రోజూ బొగ్గు కొనే పని లేదు, ఖర్చంతా మొదట్లోనే పెట్టాలి. అందుకే వడ్డీ ఒక్క శాతం పెరిగినా ఆ భారం యూనిట్ ధర మీదే పడుతుంది. నా లెక్కలో అసలు సంగతి అప్పే.

కిరణ్_ఖమ్మం:
రాత్రి కరెంటు సంగతి ముందు చెప్పండి అన్నా.

రిటైర్డ్_ఏఈ:
ఖమ్మం తమ్ముడు సరిగ్గా అడిగాడు. నేను 31 ఏళ్లు సబ్‌స్టేషన్లలో పనిచేశాను. సాయంత్రం ఏడింటికి లోడ్ ఎక్కుతుంటే ప్యానెళ్లు ఇచ్చేది సున్నా. దానికి మందు నంద్యాల జిల్లా పిన్నాపురంలో కట్టిన 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ లాంటిది. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పైకెక్కించి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఇది టెక్నాలజీ కాదా? ఇంకోటి చెప్తా. మణుగూరు దగ్గరి భద్రాద్రి ప్లాంటులో నాలుగు 270 మెగావాట్ల యూనిట్లు, అన్నీ సబ్‌క్రిటికల్, అంటే తక్కువ ఆవిరి పీడనంతో నడిచే పాత రకం. యాదాద్రి ప్లాంటులో ఐదు 800 మెగావాట్ల యూనిట్లు, సూపర్‌క్రిటికల్, అంటే ఎక్కువ పీడనంతో నడిచే కొత్త రకం. అదే యూనిట్ కరెంటుకు రెండో రకంలో బొగ్గు తక్కువ కాలుతుంది. అప్పు రెండింటికీ దొరికింది కదా! తేడా తెచ్చింది మిషన్.

రవికిరణ్_వనస్థలిపురం:
సార్, మీ ఉదాహరణే నా మాటను నిలబెడుతోంది. భద్రాద్రి యూనిట్లన్నీ 2022 నాటికి నడకలోకి వచ్చాయి. వేల కోట్ల అప్పు తీరాలంటే ఏళ్ల తరబడి ఆ పాత రకం బాయిలర్లు మండుతూనే ఉండాలి. రేపు ఇంకా మంచి మిషన్ వచ్చినా దీన్ని ఆపలేరు. ఆపనివ్వనిది అప్పే.

రిటైర్డ్_ఏఈ:
రాత్రి కరెంటుకు మీరు ఇంకా జవాబు చెప్పలేదు.

గాలిమర_కర్నూలు:
నేను చెప్తాను, ఎందుకంటే అనుభవించాను. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంపెనీలతో ఉన్న పాత కరెంటు కొనుగోలు ఒప్పందాలు తిరగదోడి యూనిట్‌కు సోలార్‌కు 2.44, గాలికి 2.43 రూపాయలే ఇస్తామంది. ఒప్పందాల్లోని రేట్లే ఇవ్వాలని హైకోర్టు తీర్పు చెప్పేసరికి 2022 మార్చి వచ్చింది. ఆ మధ్య కాలంలో నేనొక గాలిమరల సైటులో టెక్నీషియన్‌ని. నాలుగు నెలలు జీతం లేదు. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చడానికి కూడా కంపెనీ దగ్గర డబ్బు లేక రెండు మరలు ఆపేశాం. గాలి వీస్తూనే ఉంది, రెక్కలు కదలవు. కింద నిలబడి చూస్తుంటే కడుపు తరుక్కుపోయేది. టెక్నాలజీకి ఏ లోటూ లేదు సార్. డబ్బే రాలేదు.

రిటైర్డ్_ఏఈ:
మీ జీతం ఆగినందుకు బాధగానే ఉంది. కానీ జీతానికీ కార్బన్‌కూ సంబంధం ఏముంది?

గాలిమర_కర్నూలు:
ఆగిన ఆ రెండు మరల కరెంటు ఎక్కడి నుంచి తెచ్చారు మరి? బొగ్గు నుంచే కదా! 31 ఏళ్ల సర్వీసున్న మీకు ఇది నేను చెప్పాలా?

లక్ష్మి_ఎల్బీనగర్:
గొడవ ఆపి నా సంగతి వినండి. ఇంటి మీద సోలార్ పెట్టుకునే కేంద్ర సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ, తాకట్టు లేని అప్పు అన్నారు. రోజుకు దాదాపు 12 యూనిట్లు వస్తాయి. గ్రిడ్ యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే, రోజుకు ఎనిమిది కిలోలకు పైగా మా ఇంటి మీదే తగ్గుతుంది. కానీ ఇల్లు ఇంకా చనిపోయిన మా మామగారి పేరు మీదే ఉంది. బ్యాంకుకు నాలుగుసార్లు తిరిగాను. కాగితం దగ్గరే ఆగిపోయింది.

బూడిదవాడ:
అక్కా, మీకు డాబా అయినా ఉంది. మాది రేకుల ఇల్లు, పక్కన థర్మల్ ప్లాంటు. ప్యానెల్ సబ్సిడీ మాకు ఎక్కడ బిగిస్తారు?

రిటైర్డ్_ఏఈ:
ఇప్పుడు నా మనసులో ఉన్నది చెప్తాను. అందరూ రూఫ్‌టాప్ అప్పు గురించే మాట్లాడుతున్నారు. నెలకు ఐదారు వేలు బిల్లు కట్టే ఇళ్లన్నీ సోలార్‌కు వెళ్లిపోతే డిస్కం, అంటే కరెంటు పంపిణీ కంపెనీ, ఎలా బతకాలి? తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. దాని భారంలో కొంత ప్రభుత్వ సబ్సిడీ మోస్తుంది, కొంత ఈ పెద్ద బిల్లుల వాళ్లు మోస్తారు. రాత్రి వాళ్లు మళ్లీ మా లైనే వాడతారు. ఆ లైను, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు ఎవరు పెట్టాలి? అందుకే చవక అప్పు అనగానే నాకు టెన్షన్.

రవికిరణ్_వనస్థలిపురం:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు సార్. అంటే మీ అభ్యంతరం సోలార్ మీద కాదు, బిల్లు ఎవరి మీద పడుతుందన్న దాని మీద.

రిటైర్డ్_ఏఈ:
అవును. అదే.

బూడిదవాడ:
బిల్లు సంగతి అంటున్నారు కాబట్టి నాదీ రాయండి. ఎండాకాలం మధ్యాహ్నం గాలి లేస్తే ప్లాంటు బూడిద పోసే చెరువు నుంచి బూడిద లేస్తుంది. బిందె మీద మూత పెట్టినా నీళ్ల మీద తెట్టు కడుతుంది. మా అమ్మ పాత చీర ముక్క నాలుగు మడతలు వేసి వడపోస్తుంది. సాయంత్రానికి ఆ గుడ్డ సిమెంటు రంగు. ఆ కరెంటు మాత్రం సిటీకి పోతుంది. జిల్లాలవారీగా కార్బన్ లెక్క తీస్తే పొయ్యి ఉన్న మా జిల్లా పేరు పైన కనిపిస్తుంది, వాడుకునే హైదరాబాద్ శుభ్రంగా కనిపిస్తుంది. ఇది న్యాయమేనా సార్?

రిటైర్డ్_ఏఈ:
కాదు. వాడుకున్నవాళ్ల ఖాతాలోనే రాయాలి. ఒప్పుకుంటున్నాను. లైను ఖర్చు కూడా వాళ్ల దగ్గరే వసూలు చేయాలన్నది నా మాట. దాని మీద రవి గారు ఏమంటారో చూడాలి.

లక్ష్మి_ఎల్బీనగర్:
రాత్రి వాడుకున్నదానికి న్యాయమైన చార్జీ వేస్తే నేను కడతాను సార్. సోమవారం ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం మీసేవకు వెళ్తున్నాను. ఈసారి బ్యాంకు ఏమంటుందో వచ్చి రాస్తాను.