సన్నాయి నొక్కులు: మెచ్చుకోలా, ఎత్తిపొడుపా?

మొన్న ఆదివారం నలుగురు స్నేహితులం మా ఇంట్లో కూర్చుని, షహనాయి విద్వాంసుడు బిస్మిల్లా ఖాన్ మీద గౌతమ్ ఘోష్ 1989లో తీసిన డాక్యుమెంటరీ చూశాం. ఉస్తాద్ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ, దారిలో ఆగీ ఆగనట్టు చిన్న ఒత్తు ఇస్తుంటే, మావాడొకడు మైమరచి "అబ్బ, ఆ సన్నాయి నొక్కులు వినండ్రా!" అన్నాడు. పక్కవాడికి కోపం వచ్చింది. "అదేం మాటరా, అంతటి విద్వాంసుణ్ణి పట్టుకుని?" ఇంకేముంది, బొమ్మ ఆపేసి అరగంట వాదించుకున్నాం.

కోప్పడినవాడి వైపు న్యాయం ఉంది. మన ఇళ్లలో ఆ మాట వినపడేది ఇలాగే కదా: "ఏమిటా సన్నాయి నొక్కులు? ఉన్నదేదో సూటిగా చెప్పు." పైకి అనీ అనకుండా, దీర్ఘాలు తీస్తూ, వినాల్సినవాళ్ల చెవిన పడేలా సణగడం. "మనదేముందిలేమ్మా... వాళ్లు పెద్దవాళ్లూ..." అన్నప్పుడు మాటల్లో తప్పేమీ దొరకదు. పోటంతా ఆ చివరి దీర్ఘంలో ఉంటుంది.

అయితే నొక్కు అన్నది తిట్టుగా పుట్టిన మాట కాదు. సుబ్బరామ దీక్షితులు తెలుగులో రాసిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఎట్టయపురంలో అచ్చయింది. గమకం అంటే స్వరాన్ని ఊపి, వంచి, ఒత్తి అందంగా పలికించే పద్ధతి. అందులో చెప్పిన గమకాల్లో నొక్కు ఒకటి. శాస్త్రంలో తిరిపం అనే గమకానికి వాడుక పేరు అది. స్వరాన్ని ఊరికే తాకి వదిలేయకుండా కాస్త ఒత్తి పలికించడం అన్నమాట. స్వరలిపిలో దానికో గుర్తు కూడా పెట్టారాయన.

ఇక సన్నాయి. ఈ మాట షహనాయి నుంచి వచ్చింది, మరాఠీవాళ్లు సనయి అంటారు. కానీ మన ఊళ్లలో సన్నాయి అంటే కాశీ షహనాయి కాదు, డోలుతో కలిసి పెళ్లిలో మోగే నాదస్వరం. దానికి వీణలాగా మెట్లుండవు. రంధ్రాన్ని సగం మూసి, పీకను పెదవులతో బిగించి, ఊపిరి పెంచి తగ్గించి, రెండు స్వరాల మధ్య ఉన్న చోటంతా పలికించాలి. నా ఊహ ఏమిటంటే, ఆ వంపులు బాగా విన్న చెవులే మాటల్లోని సాగతీతకు ఈ పేరు పెట్టాయి. సంగీతం తెలియనివాళ్లకు ఇంత పోలిక తట్టదు.

మీ ఇళ్లలో దీన్ని మెచ్చుకోలుగా ఎవరైనా వాడారా?

*వ్యాఖ్య:* మెచ్చుకోలుగా నేనెప్పుడూ వినలేదండీ. కానీ వీణ నేర్చుకునే రోజుల్లో మా టీచరుగారు "అక్కడ నొక్కు పడాలమ్మా" అనేవారు. ఇంటికొస్తే నాయనమ్మ "నొక్కులు నొక్కకు" అనేది. రెండూ ఒకే మాట అని ఇన్నేళ్లకు ఇవాళ తెలిసింది.

*వ్యాఖ్య:* శ్రుతి మించి రాగాన పడటం, వంత పాడటం, డప్పు కొట్టుకోవడం, బాకా ఊదడం కూడా ఈ కోవలోవే. మేళగాళ్లను చులకనగా చూసిన సమాజం వాళ్ల విద్యను కూడా దెప్పిపొడుపు చేసింది. అంతకు మించి ఇందులో సొగసేమీ లేదు.

*నా జవాబు:* ఆ చులకన నిజమే, కాదనను. కానీ దానితోనే అంతా తేలదండీ. ఏడుపును "రాగం తీయడం" అంటాం, అది గాత్రం నుంచి వచ్చింది. గాత్రానికి గౌరవం తక్కువైందా? ఇంకో సంగతి. బిస్మిల్లా ఖాన్ సాధన చేసింది కాశీలో గంగ ఒడ్డున బాలాజీ గుడిలో. మన ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి నీడలోనే నాదస్వరం వాయించారు, శిష్యులను తయారు చేశారు. వీళ్ల ఊపిరి తగలనిదే దేవుడికి మేలుకొలుపు లేదు, మనకు పెళ్లి లేదు. అందుకే ఆ మాటను పూర్తిగా తిట్టుకు వదిలేయడం నాకు ఇష్టం లేదు.

*వ్యాఖ్య:* ఆ రోజు కోప్పడింది నేనే. ఇంటికెళ్లాక ఆలోచించాను. ఇంట్లో ఎత్తిపొడుపుగా అన్నప్పుడు ఎప్పుడూ "నొక్కులు" అనే అంటాం, "సన్నాయి నొక్కు" అని ఒక్కదాన్ని ఎవరూ అనరు. సంగీతంలోనేమో ఒక్క నొక్కుకే విలువ, ఫలానా స్వరం మీద ఫలానా చోట పడాలి. వాడు "ఆ నొక్కు విన్నారా" అని ఉంటే నేనూ తల ఊపేవాణ్ణి.

*నా జవాబు:* ఇది నాకు తట్టలేదురా, బాగా పట్టావు. వచ్చే ఆదివారం చిన మౌలానా గారి కచేరీ పెట్టుకుందాం. వాణ్ణి కూడా పిలుస్తున్నాను. నొక్కు పడిన చోటల్లా నువ్వు చెయ్యెత్తు, వాడు కాగితం మీద గుర్తు పెడతాడు.