పగలు తెలుగు ప్రూఫులు, రాత్రి ఆటలు: ఒకే బల్లకు ఏ మానిటర్, ఏ కీబోర్డు?

దిద్దుబాటు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను వరంగల్‌లో ఉంటూ ఇంటి నుంచే తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. పగలంతా పేజీల పీడీఎఫ్‌లు చదువుతూ, ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) పద్ధతిలో టైపు చేస్తూ గడుస్తుంది. రాత్రి భోజనాలయ్యాక మిత్రులతో కలిసి కౌంటర్ స్ట్రైక్ 2, వాలరెంట్ ఆడతాను. రెండూ ఒకే బల్ల మీద, ఒకే కంప్యూటర్‌తో. అందులో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉంది, దాన్ని ఇప్పట్లో మార్చను. మార్చాలనుకుంటున్నవి 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920×1080 పిక్సెళ్ల) మానిటర్ (60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 చిత్రాలు), కంప్యూటర్‌తో పాటే వచ్చిన మెంబ్రేన్ కీబోర్డు.

బల్ల గోడకు ఆనించి ఉంటుంది. పొడవు నాలుగు అడుగులు, లోతు 18 అంగుళాలు మాత్రమే. పక్క గదిలో అమ్మా నాన్నా పడుకుంటారు కాబట్టి మీటల చప్పుడు తక్కువగా ఉండాలి. మొత్తం 45,000 రూపాయల దాకా ఖర్చు పెట్టగలను. సెటప్ వీడియోల్లో ఎక్కువగా 27 అంగుళాల ఓలెడ్ తెర (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం), దాని ముందు 60 శాతం అనే 61 మీటల చిన్న కీబోర్డు కనిపిస్తున్నాయి. చూడడానికి ముచ్చటగానే ఉన్నాయి కానీ, రోజుకు ఎనిమిది గంటలు తెలుగు అక్షరాలతో గడిపే నాకు అవి పనికివస్తాయా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

తెరపట్టు:

దిద్దుబాటు గారూ, మీ పనికి ఓలెడ్ వద్దని నా గట్టి అభిప్రాయం. రోజంతా ఒకే చోట కదలకుండా ఉండే టాస్క్‌బార్, పీడీఎఫ్ చట్రం లాంటివి కాలక్రమంలో ఆ తెర మీద ముద్రపడిపోయే ప్రమాదం ఉంది. అంతకంటే ముఖ్యమైన కారణం అక్షరం. విండోస్‌లో అక్షరాలను నునుపు చేసే క్లియర్‌టైప్, ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు వరుసగా నిలువు పట్టీలుగా ఉంటాయన్న లెక్కతో పనిచేస్తుంది. చాలా ఓలెడ్ తెరల్లో ఆ అమరిక వేరు. క్యూడీ-ఓలెడ్‌లో చుక్కలు త్రికోణంగా ఉంటాయి, మరో రకంలో తెల్ల చుక్క అదనంగా ఉంటుంది. దానివల్ల అక్షరాల అంచుల్లో సన్నని రంగు జీర కనిపిస్తుంది. ఆటలో అది ఎవరికీ పట్టదు గానీ, ప్రూఫులు చూసే కంటికి పడుతుంది.

ఇక పరిమాణం. ఇప్పుడు మీ దగ్గరున్న 21.5 అంగుళాల తెరలో అంగుళానికి దాదాపు 102 పిక్సెళ్లు ఉన్నాయి. ఆటల కోసమని 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తీసుకుంటే అది 92కు, 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తీసుకుంటే 82కు పడిపోతుంది. అంటే డబ్బు పెట్టి మరీ అక్షరాన్ని మొద్దు చేసుకున్నట్టవుతుంది. తెలుగులో ఇది చిన్న విషయం కాదు. ప, ఫ లకూ, ద, ధ లకూ తేడా అడుగున ఉండే ఒక చిన్న గీత. థను గుర్తుపట్టించేది కడుపులోని చుక్క. 'రాష్ట్రం' అన్న మాటలో ష కింద ట వత్తు, దానికి ర వత్తు కలిసి ఒకే అక్షరం ఎత్తులో ఇమడాలి. పిక్సెళ్లు చాలకపోతే ముందుగా మాయమయ్యేవి ఇవే, మీరు వెతికే తప్పులు దాక్కునేదీ అక్కడే.

కాబట్టి 27 అంగుళాల, 2560×1440 పిక్సెళ్ల ఐపీఎస్ (ఒక రకం ఎల్‌సీడీ) తెర తీసుకోండి. సాంద్రత 109 వస్తుంది. దాని ఎత్తు సుమారు 33.6 సెంటీమీటర్లు, ఏ4 కాగితం ఎత్తు 29.7. అంటే పుస్తకం ఎదురెదురు పేజీలు రెండింటినీ అసలు కొలతలోనే పక్కపక్కన పెట్టుకుని చదవవచ్చు. 24 అంగుళాల తెర ఎత్తు ఒక్క ఏ4 పేజీకే బొటాబొటిగా ఉంటుంది, పైన పట్టీలు పోతే అదీ పట్టదు. ఈ ఒక్క సౌకర్యం కోసమే ప్రూఫ్ రీడర్లందరూ 27 అంగుళాలకు మారాలని నేను కోరుకుంటాను.

వేగం విషయానికి వస్తే, 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో చిత్రం 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 144 మీద 6.9, 240 మీద 4.2. మొదటి అంగలో దాదాపు పది మిల్లీసెకన్లు తగ్గితే, రెండో అంగలో మూడు కూడా తగ్గవు. మీ కార్డు 2560×1440 పిక్సెళ్ల వద్ద వాలరెంట్‌ను సెకనుకు 144 చిత్రాలకు పైనే నడుపుతుంది. కౌంటర్ స్ట్రైక్ 2కు మాత్రం నీడలు, పొగ వంటి సెట్టింగులు తగ్గించవలసి ఉంటుంది. 144 నుంచి 180 మధ్య ఏది దొరికినా చాలు, మిగిలిన డబ్బు బల్లకు ఖర్చు పెట్టండి.

బల్ల గురించే నా అసలు ఆందోళన. 18 అంగుళాలంటే దాదాపు 46 సెంటీమీటర్లు. మానిటర్ స్టాండు పాదమే అందులో దాదాపు సగం తింటుంది. మీ కంటికీ తెరకూ మధ్య కనీసం 60 సెంటీమీటర్ల దూరం కావాలి, ఈ బల్ల మీద అది రాదు. 27 అంగుళాల తెరను అంత దగ్గరగా పెట్టుకుంటే అంచులు చూడడానికి మెడ తిప్పుతూ ఉండాలి. వడ్రంగి చేత ఉన్న కాళ్ల మీదే 27 లేదా 28 అంగుళాల లోతు గల ప్లైవుడ్ పలక వేయించండి. బల్ల ముందుకు ఒరగకుండా కాళ్లను కూడా చూడమనండి. మానిటర్ కొనక ముందే ఈ పని పూర్తి కావాలి.

మీటలమేస్త్రి:

తెర సంగతి తెరపట్టు గారు చెప్పారు కనుక నేను కీబోర్డుకే పరిమితమవుతాను.

60 శాతం కీబోర్డు మీకు వద్దు. కారణం ఇన్‌స్క్రిప్ట్‌లోనే ఉంది. అంకె 1కి ఎడమ పక్కనున్న మీట మీద తెలుగులో 'ొ' ఉంటుంది, షిఫ్ట్‌తో నొక్కితే 'ఒ' వస్తుంది. 61 మీటల కీబోర్డుల్లో సాధారణంగా ఆ స్థానంలో ఎస్కేప్ మీట ఉంటుంది. అసలు మీట కోసం ఎఫ్ఎన్ పట్టుకుని నొక్కాలి. 'కొత్త', 'పొలం', 'ఒకటి', 'మొదలు' రాసిన ప్రతిసారీ అదనంగా ఒక వేలు కావాలంటే పగటి పని నడవదు. ఇంగ్లీషులో టైపు చేసేవారికి ఈ ఇబ్బంది తెలియదు, అందుకే ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు.

పూర్తి కీబోర్డు కూడా వద్దు. మీటల మధ్య దూరం 19.05 మిల్లీమీటర్లు కాబట్టి, కుడివైపు అంకెల భాగం లేని 87 మీటల టీకేఎల్ తీసుకుంటే ఎనిమిది సెంటీమీటర్లు కలిసివస్తాయి. ఆటలో మౌస్‌కు అంత చోటు దొరుకుతుంది, పగలు కుడి భుజం బయటికి చాచవలసిన అవసరమూ తగ్గుతుంది. హోమ్, ఎండ్, పేజీ అప్, పేజీ డౌన్ మీటలు విడిగా ఉంటాయి, ప్రూఫులకు అవి చేతి కింద ఉండాలి.

మెకానికల్ కీబోర్డులో ప్రతి మీట కిందా ఉండే స్విచ్‌ల విషయంలో మీ ఎడమ చేతి మధ్యవేలిని దృష్టిలో పెట్టుకుని ఎంచుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు 'డి' మీట మీద ఉంది. తెలుగులో ప్రతి వత్తుకూ ఆ మీట ఒకసారి నొక్కాలి. 'రాష్ట్రం' రాయడానికి ఎనిమిది అక్షర మీటలు అయితే అందులో రెండు అదే మీట. గట్టి స్ప్రింగు ఉంటే సాయంత్రానికి ఆ వేలు నొప్పెడుతుంది. జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ 1980ల నడుమ తెచ్చిన ఎంఎక్స్ స్విచ్‌లే ఈ రంగంలో ఇప్పటికీ కొలమానం. వాటిలో ఎర్రవి 45 సెంటీన్యూటన్ల బలంతో, మధ్యలో తట్టు లేకుండా సాఫీగా దిగుతాయి. గోధుమరంగువి చిన్న తట్టుతో, నీలంవి తట్టుతో పాటు టిక్కుమనే చప్పుడుతో దిగుతాయి. నీలంవి మీ ఇంట్లో కుదరవు, ఆటలో మాట్లాడేటప్పుడు మైకులో కూడా మీటల చప్పుడే వినిపిస్తుంది.

మీకు సైలెంట్ రెడ్ రకం సరిపోతుందని నా నమ్మకం. లోపలి కాండానికి మెత్తని దిమ్మ ఉండడం వల్ల కింద తగిలినప్పుడూ పైకి లేచినప్పుడూ చప్పుడు అణగిపోతుంది. మీట దిగే మొత్తం దూరం మామూలు ఎర్రదానికి 4 మిల్లీమీటర్లైతే, దీనికి 3.7. చెర్రీ పేటెంటు గడువు తీరాక గేటరాన్, కైల్ వంటి చైనా సంస్థలు అదే అమరికలో చేస్తున్న నిశ్శబ్ద స్విచ్‌లు కూడా చక్కగా ఉన్నాయి. హాట్ స్వాప్ ఉన్న కీబోర్డు కొంటే, టంకం అవసరం లేకుండా స్విచ్‌లు పీకి వేరేవి పెట్టుకోవచ్చు. నచ్చకపోయినా కీబోర్డు వృథా కాదు.

ఒక మాట మరిచిపోవద్దు. స్విచ్‌లు ఎంత నిశ్శబ్దమైనవైనా స్పేస్ బార్ కింది స్టెబిలైజర్ తీగ వదులుగా ఉంటే ఖటఖటమంటూనే ఉంటుంది. దానికి కొద్దిగా డైఎలక్ట్రిక్ గ్రీజు రాయాలి. కీబోర్డు కింద మందపాటి డెస్క్ మ్యాట్ వేస్తే బల్ల పలక మోగడం కూడా తగ్గుతుంది. మీటల తొడుగులు పీబీటీ ప్లాస్టిక్‌వి తీసుకోండి, ఏబీఎస్ ప్లాస్టిక్ తొడుగులు వేళ్ల రాపిడికి త్వరగా నున్నబడి జిడ్డు మెరుపు తేలుతాయి.

సాగరతీరం:

తెరపట్టు గారి సలహాతో నేను పూర్తిగా ఏకీభవించలేను. వీరి జీవనాధారం అక్షరం. అటువంటప్పుడు 27 అంగుళాల 4కే (3840×2160 పిక్సెళ్ల) ఐపీఎస్ తెర ఎందుకు కాకూడదు? అంగుళానికి 163 పిక్సెళ్లు వస్తాయి. విండోస్‌లో 150 శాతం పెట్టుకుంటే మాటల పరిమాణం 1440 తెర మీద ఉన్నట్టే ఉంటుంది, కానీ వత్తులు అచ్చు వేసినంత స్పష్టంగా కనబడతాయి. నేను అనువాదాలు చేసే మనిషిని. 4కేకు మారిన తరువాత చదివే పత్రాన్ని మాటిమాటికీ పెద్దది చేసి చూసుకోవడం మానేశాను. ఆటలు రెండు గంటలు, పని ఎనిమిది గంటలు అయినప్పుడు తూకం ఎటు మొగ్గాలో వీరే ఆలోచించుకోవాలి.

విద్యుత్తు గురించి కూడా చెప్పాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ మీట ఉందేమో చూసి, కంప్యూటర్ నడిచేటప్పుడు అందులోనే ఉంచండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణంలో కంప్యూటర్ ఆగిపోవచ్చు. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో అల్యూమినియం కీబోర్డు ముట్టుకుంటే చేతికి సన్నగా జిల్లుమంటుంది. అటువంటి కీబోర్డు కొనే ముందు ఎలక్ట్రీషియన్ చేత సాకెట్ పరీక్షింపజేయడం అవసరం.

తెరపట్టు:

సాగరతీరం గారూ, అక్షరం మాత్రమే చూస్తే మీ మాటే నిజం. అయితే వీరి బడ్జెట్‌లో బల్ల పలక, కీబోర్డు పోగా మిగిలే సొమ్ముకు వచ్చే 4కే తెరలు చాలావరకు 60 హెర్ట్జ్‌వి. 60 మీద కౌంటర్ స్ట్రైక్ ఆడేవారు ఎదుటివాడు మలుపు తిరగడాన్ని ఆలస్యంగా చూస్తారు, అది నైపుణ్యంతో పూడ్చుకోగల లోటు కాదు. ఆటలు మానేసే రోజు వస్తే నేనూ 4కేనే చెబుతాను.

దిద్దుబాటు:

అందరికీ కృతజ్ఞతలు. 'ొ' మీట సంగతి నా ఊహకే రాలేదు. నా ఆటల సమయం తగ్గించుకునే ఉద్దేశం లేదు కనుక 1440, 180 హెర్ట్జ్ వైపే మొగ్గుతున్నాను. పలకకు రేపే కొలతలు ఇస్తాను. ఇంకా రెండు సందేహాలున్నాయి. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ కీబోర్డులు ఆటలకు మేలని మిత్రులు పట్టుబడుతున్నారు, వాటిని తీసుకోవాలా? మానిటర్‌కు స్టాండు బదులు ఆర్మ్ బిగిస్తే గోడ అడ్డం వస్తుందా?

మీటలమేస్త్రి:

హాల్ ఎఫెక్ట్ కీబోర్డులో మీట ఎంత లోతు దిగిందో సెన్సర్ ఎడతెగకుండా కొలుస్తూ ఉంటుంది. అందువల్ల వేలు కొద్దిగా లేపగానే మీట వదిలినట్టు లెక్క. దీన్నే రాపిడ్ ట్రిగర్ అంటారు, నెదర్లాండ్స్‌కు చెందిన వూటింగ్ కీబోర్డులతో ఇది ప్రాచుర్యంలోకి వచ్చింది. కౌంటర్ స్ట్రైక్‌లో పక్కకు కదులుతూ టక్కున ఆగి కాల్చడానికి నిజంగానే తోడ్పడుతుంది. అయితే ఎదురెదురు దిశల మీటలను కీబోర్డే సర్దిపెట్టే స్నాప్ ట్యాప్ వంటి సదుపాయాలను 2024 ఆగస్టులో కౌంటర్ స్ట్రైక్ తయారీ సంస్థ వాల్వ్ తన అధికారిక సర్వర్లలో నిషేధించింది. అవి వాడితే ఆట నుంచి తొలగిస్తారు. రాపిడ్ ట్రిగర్‌కు ఆ ఇబ్బంది లేదు.

మీ విషయంలో నాకున్న అభ్యంతరం వేరు. ఆ కీబోర్డుల్లో మామూలు మెకానికల్ స్విచ్‌లు పనిచేయవు, కాబట్టి పైన చెప్పిన సైలెంట్ రెడ్‌లు అందులో పెట్టుకోలేరు. మీటను మరీ పైనే పనిచేసేలా అమర్చుకుంటే టైపు చేసేటప్పుడు వేలు ఆనితేనే అక్షరం పడుతుంది, ప్రూఫులో దొర్లిన పొల్లును ఎవరు కనిపెడతారు? పగటికీ రాత్రికీ వేర్వేరు ప్రొఫైళ్లు పెట్టుకోగల ఓపిక ఉండి, 87 మీటలది దొరికితే తప్ప ఆ దారి పట్టవద్దు.

తెరపట్టు:

ఆర్మ్ తప్పక పనికివస్తుంది, కానీ మడత కీలు ఉన్న ఆర్మ్‌లను వెనక్కి నెట్టినప్పుడు ఆ మోచేయి బల్ల వెనక్కి పొడుచుకువస్తుంది. గోడకూ బల్లకూ మధ్య కనీసం పది పదిహేను సెంటీమీటర్ల సందు లేకపోతే తెర అనుకున్నంత వెనక్కి పోదు. కొత్త పలక లోతు నిర్ణయించేటప్పుడు ఈ సందు కూడా లెక్కలో వేసుకోండి. మానిటర్ వెనక ఆర్మ్ బిగించడానికి 100×100 మిల్లీమీటర్ల వీసా (VESA) ప్రమాణపు రంధ్రాలు ఉన్నాయో లేదో, స్టాండు తీసేసిన తెర బరువు ఆర్మ్ మోయగల పరిధిలో ఉందో లేదో చూడండి. పలక పార్టికల్ బోర్డుది అయితే క్లాంపు బిగింపుకు నలుగుతుంది, పైనా కిందా ఇనుప రేకు వేయించాలి. ప్లైవుడ్ అయితే 18 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది.

మానిటర్ వచ్చాక పెట్టెలోని డిస్‌ప్లేపోర్ట్ తీగతోనే కలపండి. ఆ తరువాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి 180 హెర్ట్జ్‌ను చేతితో ఎంచుకోండి, చాలా సందర్భాల్లో అది 60 మీదే ఉండిపోతుంది. వెంటనే నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను తెర నిండా ఒక్కొక్కటిగా చూపించి, వెలగని పిక్సెళ్లు ఉన్నాయేమో వెనక్కి ఇచ్చే గడువు లోపలే పరిశీలించండి.