ఐదుంపావులోంచి రెండుముప్పావు: పాప చేసింది తప్పా?

మారతహళ్ళి అమ్మ:
మా పాప ఆరో తరగతి. 5¼ మీటర్ల గుడ్డలో 2¾ మీటర్లు కోసిస్తే మిగిలేదెంత అని లెక్క. పాప ఇలా రాసింది: "2¾ నుంచి 3కి ¼. 3 నుంచి 5¼కి 2¼. మొత్తం 2½." జవాబు సరైనదే, మార్కులు మాత్రం 3కి 1. అపక్రమ భిన్నాలుగా (పై అంకె కింది అంకెకన్నా పెద్దగా ఉండేవి) మార్చలేదట. 21/4 − 11/4 = 10/4 అని రాయాలట. ఇదేం న్యాయం?

చిక్‌పేట బట్టలకొట్టు:
ఇరవయ్యేళ్ళుగా గుడ్డ కొలుస్తున్నా. "ఇరవై ఒక్క పావులివ్వు" అని ఒక్క గిరాకీ అడగలేదు. మా నాయనమ్మ 2¾ని "పావుతక్కువ మూడు" అనేది. లెక్క ఆ మాటలోనే ఉంది చూడండి: మూడు తీసెయ్, పావు తిరిగి కలుపు. పాపకి 3కి 3 పడాల్సిందే.

ట్యూషన్ మాస్టారు:
పావులు, అరలు ఉన్నంతవరకేనండీ నాయనమ్మ లెక్క. నా దగ్గరికొచ్చే పిల్లలు ఇదే లెక్కకి 3 2/4 అని రాస్తారు. 5లోంచి 2 పోతే 3 అంటారు. పావులోంచి ముప్పావు పోదు కాబట్టి తిరగేసి ముప్పావులోంచి పావు తీసేస్తారు! అపక్రమ భిన్నంగా మారిస్తే ఆ తప్పుకి చోటే లేదు. రేపు గుణకారంలో ఎలాగూ కావాలి: 2½ × 1½ని విడివిడిగా చేసి 2¼ అంటారు. అసలు జవాబు 3¾.

చిక్‌పేట బట్టలకొట్టు:
గుణకారం సంగతి ఒప్పుకుంటా. తీసివేతకి ఒప్పుకోను. 48⅓ − 29¾ మీ పద్ధతిలో చెయ్యండి: 145/3, 119/4, తర్వాత 580/12 − 357/12, 223/12, మళ్ళీ భాగహారం. నేనైతే హారాలు సమం చేసి 48 4/12ని 47 16/12 చేస్తా. 29 9/12 పోతే 18 7/12. 52లోంచి 38 తీసేటప్పుడు పదిని విప్పుకోమా, అలాగే.

ట్యూషన్ మాస్టారు:
ఆ విప్పుకునే చోటే జారుతారు. అప్పు తెచ్చిన ఒకటిని పది అనుకుని 4/12ని 14/12 చేసేస్తారు. పది కాదురా, పన్నెండు అని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. అయినా ప్రశ్నలో పద్ధతి అడగనప్పుడు మార్కులు కొయ్యడం నేనూ ఒప్పుకోను.

మారతహళ్ళి అమ్మ:
అయ్యో... పేపర్ ఇప్పుడే మళ్ళీ చూశా. ఆ విభాగం పైన చిన్న అక్షరాల్లో ఉంది, అపక్రమ భిన్నాలుగా మార్చి చెయ్యమని.

చిక్‌పేట బట్టలకొట్టు:
సరే, 3కి 2. అంతకన్నా తగ్గను.