పెద్దవాళ్ళని స్టేట్ పార్క్‌లో క్యాంపింగ్‌కి తీసుకెళ్ళినవాళ్ళు కాస్త చెప్పండి

కొల్లేటికొంగ:
అమ్మానాన్నలు ఫిబ్రవరిలో ఏలూరు నుంచి వచ్చారు, ఆగస్టు దాకా ఉంటారు. గుళ్ళు, మాల్స్, తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో భోజనాలు అన్నీ అయిపోయాయి. నాన్న రోజూ బ్యాక్‌యార్డ్‌లో నిలబడి ఫెన్స్ అవతలకి చూస్తున్నారు. ఏప్రిల్‌లో ఒక శుక్రవారం బయల్దేరి ఆదివారం తిరిగొచ్చేలా ఏదైనా స్టేట్ పార్క్‌కి వెళ్దామని ఉంది. మేం ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్క ప్లానోలో. బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి ఐదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాన్న నాలుగింటికే లేచి కాఫీ అడుగుతారు. టెంట్‌లో వీళ్ళతో కుదురుతుందా? పార్కుల లిస్టు గూగుల్ చేసినా వస్తుంది, అది వద్దు. మీ ఇంట్లో ఇప్పటికీ ఏ ట్రిప్ గురించి మాట్లాడుకుంటారో చెప్పండి.

ఫ్రిస్కోబాబాయ్:
మా ఇంట్లో డైనోసార్ వ్యాలీ. గ్లెన్ రోజ్ దగ్గర, మనకి సుమారు రెండు గంటలు. పలక్సీ నది అడుగున సున్నపురాయిలో డైనోసార్ల అడుగులుంటాయి, 11 కోట్ల ఏళ్ళ కిందటివి. మూడు వేళ్ళ గుర్తులు మాంసం తినేవాటివి, పెద్ద గుండ్రటి గుంటలు ఆకులు మేసేవాటివి. మా అత్తగారు గయలో విష్ణుపాదం చూసొచ్చిన మనిషి. పిల్లలు ఆ అడుగుల్లోకి దూకుతుంటే ఆవిడ చెప్పులు విప్పి పక్కన పెట్టి, కాసిని నీళ్ళు నెత్తిన చల్లుకున్నారు. "అది దేవుడి పాదం కాదు అమ్మమ్మా, ఆక్రోకాంతోసారస్" అని మావాడు అక్కడే పాఠం మొదలుపెట్టాడు. ఆవిడ అంతా ఓపిగ్గా విని, "ఇన్ని కోట్ల ఏళ్ళు చెరక్కుండా ఉందంటే దేవుడిది కాక ఇంకెవరిదిరా" అన్నారు. వాడు ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు, దానికి జవాబు ఇంకా వెతుకుతున్నాడు.

వానలు పడితే నది నిండి అడుగులు కనబడవు. బయల్దేరేముందు పార్కుకి ఫోన్ చేసి నీటిమట్టం కనుక్కోండి.

ఆదోనిఅల్లుడు:
పాలో డ్యూరో కాన్యన్, నవంబరులో. 120 మైళ్ళ పొడవు, 800 అడుగుల లోతు అని దారంతా నేను ఊదరగొట్టాను. మామయ్యగారు ఒక్క ముక్క వినలేదు. ఆయన చూపంతా రోడ్డు పక్క పత్తి చేల మీదే. గులాబీ రంగు, పసుపు రంగు ప్లాస్టిక్ చుట్టిన గుండ్రటి పత్తి మోపులు చేల గట్ల మీద వరసగా ఉంటాయి కదా, కారు ఆపించి దగ్గరికెళ్ళి చూశారు. రాలిన పత్తి ఒక గుప్పెడు తీసి, వేళ్ళతో లాగి, పింజ పొడవు చూసి పెదవి విరిచారు. ఆదోని మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్ళు పనిచేసిన చేతులవి. మర్నాడు కాన్యన్‌లో లైట్‌హౌస్ ట్రెయిల్ సగం దాకా బాగానే నడిచారు. ఎర్రమట్టి చూసి, "ఇక్కడ నీళ్ళుంటే వేరుశనగ వేయొచ్చు" అని తేల్చారు. మా అమ్మాయి స్కూల్లో పాలో డ్యూరో గురించి రాయమంటే మొత్తం పత్తి గురించి రాసింది.

ఎండాకాలం మాత్రం ఆ ట్రెయిల్ వద్దు. నీడ ఉండదు, రానూపోనూ ఆరు మైళ్ళు. ఏటా ఎండదెబ్బకి మనుషులు ఇబ్బంది పడే చోటది.

రాత్రిచుక్క:
మాది ఎన్‌చాంటెడ్ రాక్. ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర గులాబీ రంగు గ్రానైట్ గుట్ట, కింద నుంచి 425 అడుగుల ఎత్తు. అమ్మగారి మోకాళ్ళకి పనికిరాదు, ముందే చెప్తున్నా. అక్కడ కారు పక్కన టెంట్ వేసుకునే వీలు లేదు, సామాను మోసుకుని నడవాలి. కానీ ఆ ఆకాశం! డిసెంబరులో వెళ్ళాం. మా అమ్మాయి ఫోన్‌లో యాప్ తెరిచేలోపే మామయ్యగారు పిల్లలకోడి (కృత్తిక చుక్కల గుంపు) ఎక్కడుందో చూపించేశారు. ఊళ్ళో బోరుకి కరెంటు అర్ధరాత్రి ఇచ్చే రోజుల్లో, మడికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళినప్పుడు ఆ చుక్కలు వాలిన తీరు బట్టే టైం తెలిసేదట. "ఇప్పుడెంతయింది తాతయ్యా?" అని అడిగితే చూసి చెప్పారు. పావుగంట తేడా. అది ఊళ్ళో లెక్కకీ ఇక్కడి లెక్కకీ ఉన్న తేడా అని ఆయన వాదన.

మామిడల్లం:
అట్లాంటా నుంచి. అమికలోలా ఫాల్స్ జలపాతం 729 అడుగులు, మెట్లు 604. అమ్మ అలిపిరి 3,550 మెట్లు ఎక్కినావిడ, "ఇదో లెక్కా" అని గోవిందనామాలు మొదలుపెట్టింది. దిగేవాళ్ళు ఆగి నవ్వుతూ దారిచ్చారు. ఒకావిడ తనకి తెలియకుండానే "గోవిందా" అంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కారు పై దాకా వెళ్తుంది, టెన్షన్ లేదు.

నిశ్శబ్దంప్లీజ్:
అందరూ తీపి కబుర్లే చెప్తున్నారు కాబట్టి ఒక చేదు మాట. దయచేసి పది కుటుంబాలని పోగేసుకుని వెళ్ళకండి. మేం వెళ్ళాం. క్యాటరింగ్ ట్రేలు, కరియోకే స్పీకరు, క్రికెట్ కిట్టు. టెక్సస్ పార్కుల్లో ఒక సైట్‌కి ఎనిమిది మందే, రాత్రి పది తర్వాత చప్పుడు చేయకూడదు, అందరికీ కనిపించేలా మందు తాగకూడదు. మూడూ జరిగాయి. రేంజర్ రెండుసార్లు వచ్చి మర్యాదగానే చెప్పాడు. పక్క టెంట్‌లో పసిపాపతో ఉన్న జంట మొహం చూడలేకపోయాను. ఆ ట్రిప్ గురించి మా పిల్లలకి పిజ్జా తప్ప ఏమీ గుర్తు లేదు.

ఫ్రిస్కోబాబాయ్:
పది మందిలో ఉండటం తప్పేం కాదమ్మా. కార్తీకమాసం వనభోజనాలకి ఊరంతా ఉసిరిచెట్టు కిందకి వెళ్ళలేదా? పిల్లలకి తోటి పిల్లలు కావాలి. పెద్ద బృందాల కోసం గ్రూప్ క్యాంపులు విడిగా ఉంటాయి, అవి బుక్ చేసుకోవాలి.

నిశ్శబ్దంప్లీజ్:
వనభోజనాల్లో కరియోకే ఉందా బాబాయ్?

ఫ్రిస్కోబాబాయ్:
మైకు సెట్టు ఉండేది. సర్లే, స్పీకరు విషయంలో నువ్వే రైటు.

సెడార్‌పార్క్‌సుబ్బులు:
మాది 2024 ఏప్రిల్ 8, సంపూర్ణ సూర్యగ్రహణం. ఇంక్స్ లేక్ స్టేట్ పార్క్ సరిగ్గా దారిలో ఉంది. సైట్ దొరికిందని మా ఆయన ఎగిరి గంతేశాడు. అమ్మ మాత్రం, గ్రహణం రోజు ఇల్లు కదలడమా అని రెండు రోజులు ముభావంగా ఉంది. చివరికి గుడి పంతులుగారి దగ్గర దర్భలు తెచ్చుకుని కూలర్ మీద, పచ్చళ్ళ సంచి మీద పరిచాక బయల్దేరింది. పట్టుస్నానం క్యాంప్‌గ్రౌండ్ షవర్‌లో చేసి, ఉపవాసంతో టెంట్‌లో కూర్చుని ఆదిత్య హృదయం చదువుకుంటోంది. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. ఒకటిన్నర దాటాక ఒక్కసారిగా చీకటి పడింది, పక్షులు ఆగిపోయాయి, చుట్టుపక్కల అందరూ కేకలు. వెనక్కి చూస్తే అమ్మ టెంట్ బయట నిలబడి తలెత్తి చూస్తోంది. నాలుగు నిమిషాలకు పైగా అలాగే ఉంది, మేం ఎవరం ఏమీ అనలేదు. మళ్ళీ వెలుగు రాగానే టవల్ తీసుకుని విడుపుస్నానానికి వెళ్ళిపోయింది. వచ్చాక "పెరుగన్నం పెట్టు" అంది, అంతే. ఊళ్ళో చెల్లెలికి ఫోన్ చేసినప్పుడు మాత్రం గంటసేపు వర్ణించింది, "టెంట్‌లోంచి కొద్దిగా కనిపించింది" అని.

ఆదోనిఅల్లుడు:
"కొద్దిగా" 😄

ఎసరు:
తిండి సంగతి ఎవరూ చెప్పట్లేదు. మొదటి పూట పులిహోర, మర్నాడు ఉదయం ఉప్మా. ఇడ్లీ పిండి కూలర్‌లో పెట్టినా ఈ ఎండకి పులిసిపోతుంది. చితుకులు ఏరుకోవడం నిషేధం, కట్టెలు పార్కులో కొనుక్కోండి. కరువు రోజుల్లో మంట మొత్తానికే నిషేధిస్తారు, కాబట్టి చిన్న గ్యాస్ స్టవ్ తప్పనిసరి. మీ నాన్నగారి కాఫీకి డికాషన్ రాత్రే తీసి ఫ్లాస్కులో పోయండి, నాలుగింటికి గిన్నెలు మోగించొద్దు. పడుకునేముందు తిండి మొత్తం కార్లో పెట్టి తాళం వేయండి. రకూన్లు (రాత్రుళ్ళు తిండి కోసం తిరిగే చిన్న అడవి జంతువులు) మా జంతికల డబ్బా మూత తిప్పి తీశాయి. లాగి తీయడం కాదు, తిప్పి తీశాయి. మా నాయనమ్మకి ఆ డబ్బా మూత ఇప్పటికీ రాదు.

రాత్రిచుక్క:
కొంగగారూ, మీది కొల్లేరు పక్కనే కదా, నాన్నగారికి చేపలు పట్టడం వచ్చా? టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డు మీద నుంచి గాలం వేయడానికి లైసెన్స్ అక్కర్లేదు. చాలా పార్కుల్లో గాలాలు అప్పు ఇస్తారు కూడా. నాలుగింటికి లేచే మనిషికి ఇంతకన్నా మంచి పని ఉండదు.

నిశ్శబ్దంప్లీజ్:
టెంట్ వద్దనుకుంటే స్క్రీన్డ్ షెల్టర్లు చూడండి. సిమెంటు నేల, పైకప్పు, చుట్టూ దోమల జాలీ. మంచం వేసుకుంటే అమ్మగారు లేచి కూర్చోవడం తేలిక. బాత్‌రూమ్‌కి దగ్గరగా ఉన్నది చూసుకోండి. బుకింగ్ ఐదు నెలల ముందే తెరుస్తారు కాబట్టి ఏప్రిల్ వారాంతాలు నిండిపోయి ఉంటాయి, రోజూ సైట్ చూస్తూ ఉంటే క్యాన్సిలేషన్లు దొరుకుతాయి. ఏడాది పాస్ తీసుకుంటే ఒకే కారులో వచ్చినవాళ్ళందరికీ ఎంట్రీ ఫీజు ఉండదు.

కొల్లేటికొంగ:
అందరికీ థ్యాంక్స్ అండి. నిన్న రాత్రి లేక్ మినరల్ వెల్స్‌లో ఒక షెల్టర్ క్యాన్సిలేషన్‌లో దొరికింది. శనివారం పొద్దున అక్కడి నుంచే డైనోసార్ వ్యాలీ వెళ్ళొస్తాం, డే పాస్ తీసేశాను. గాలం మాట చెప్పగానే నాన్న, "ఇక్కడ కొర్రమీను ఉంటుందా?" అని అడిగారు. లేదన్నా నమ్మట్లేదు, ఎర ఏం వాడతారో కనుక్కోమన్నారు. ఒక్కటే మిగిలింది: ఆ వారాంతానికి ఎవరైనా మడతమంచాలు రెండు ఇవ్వగలరా? ప్లానో, ఫ్రిస్కో చుట్టుపక్కల ఎక్కడైనా వచ్చి తీసుకుంటా.

ఫ్రిస్కోబాబాయ్:
నా దగ్గర రెండున్నాయి, మెసేజ్ పెట్టు. నీలం రంగుదానికి ఒక కాలు కాస్త వంకర, దాని మీద నువ్వు పడుకో.