డబ్బు లేకుండా బతకలేమా?

నల్లరేగడి:
పెట్టుబడిదారీ వ్యవస్థను కాస్త సరిదిద్దితే చాలనే మాట నేను ఇక నమ్మను. వైద్యం, చదువు, ఇల్లు అమ్మకానికి ఉన్నంత కాలం కొనగలిగినవాడికే అందుతాయి. లోపల డబ్బు లెక్క లేకుండా ఊళ్ళకు ఊళ్ళే నడిచాయి. ఇప్పటి ఇజ్రాయెల్‌లో, గలిలీ సరస్సు ఒడ్డున 1910లో డెగానియా అనే ఉమ్మడి పల్లె మొదలైంది. కిబ్బుట్జ్‌లు అనే అలాంటి పల్లెలు తర్వాత రెండొందలు దాటాయి. అందరికీ ఒకటే భోజనశాల. పాలు పితికేవాడికీ, లెక్కలు రాసేవాడికీ జీతాలు లేవు, ఇద్దరికీ కావాల్సినవి సంఘమే ఇచ్చేది. తరాల పాటు అలా బతికారు. మనకెందుకు సాధ్యం కాదు?

గోదారిగట్టు:
అదే డెగానియా 2007లో పనిని బట్టి జీతాలకు మారిపోయింది. ఆ ముక్క ఎందుకు రాయలేదండీ?

నల్లరేగడి:
రాస్తాను. 1980లలో ఇజ్రాయెల్‌లో ధరలు మండిపోయాయి, వడ్డీలు పెరిగాయి, కిబ్బుట్జ్‌లు అప్పుల్లో కూరుకుపోయాయి. లోపల డబ్బు లేదు, బయట బ్యాంకు ఉంది. వాళ్ళను ముంచింది ఆ అప్పే, ఉమ్మడి వంటశాల కాదు.

గోదారిగట్టు:
అప్పు తెచ్చిందెవరు? సొంత జేబుకు చిల్లు పడదని తెలిస్తే అప్పు తెచ్చేటప్పుడు చెయ్యి వెనకాడదు. జీతాలకు మారాలని తేల్చుకుంది కూడా సభ్యులే, బ్యాంకు కాదు. 2007కి జవాబు చెప్పండి.

తాటిముంజె:
సహకారం అంటేనే నాకు భయం. మా ఊరి సంఘంలో నాన్న దాచుకున్న డిపాజిట్ పెద్దమనుషులు తినేశారు. అక్క పెళ్ళికి పొలం తాకట్టు పెట్టాం.

నల్లరేగడి:
మీకు జరిగింది అన్యాయమే. కానీ అది డబ్బున్న సంఘం కదా. డబ్బే లేకపోతే తినడానికి ఏముంటుంది?

తాటిముంజె:
గోదాములో వడ్లుంటాయి. తాళం మళ్ళీ వాళ్ళ దగ్గరే ఉంటుంది.

వానచినుకు:
అమెరికాలో, వర్జీనియాలో ట్విన్ ఓక్స్ అని అందరూ కలిసి బతికే ఒక సంఘం 1967 నుంచి నడుస్తోంది. సుమారు వంద మంది. వంట చేయడం, పిల్లల్ని చూసుకోవడం కూడా అక్కడ వారం పని గంటల్లో లెక్కకు వస్తాయి. నేను పొద్దున్నే పాలు కాచడం దగ్గర మొదలుపెడితే రాత్రి స్టవ్ తుడిచేదాకా కూర్చోను. అయినా మా ఇంట్లో ‘కోడలు ఖాళీగానే ఉంటుంది’ అని చుట్టాలకు చెబుతారు. నాకు ఆ గంటల లెక్క కావాలి.

గోదారిగట్టు:
వాళ్ళూ ఊయలలు, టోఫు (సోయా పనీర్) అమ్మి డబ్బు తెచ్చుకున్నవాళ్ళే అమ్మా. మన తెలంగాణలోని ముల్కనూరు రైతుల సహకార సంఘం 1956 నుంచి డబ్బుతోనే నడుస్తోంది. సహకారానికి డబ్బు అడ్డం కాదు.

వానచినుకు:
నేను ఇంటి పని గురించి రాస్తే మీరు టోఫు గురించి చెబుతున్నారు.

నల్లరేగడి:
గోదారిగట్టు గారూ, ఆస్తి ఉన్నవాళ్ళకు ఇలాంటి మాటలు తేలిక. ఇంటి అద్దె కట్టలేక సామాను ఆటోలో వేసుకుని వీధులు తిరిగినవాణ్ణి నేను. మన తాతల నాటి పల్లెల్లో డబ్బు ఎక్కడుంది? కుమ్మరి కుండలు ఇచ్చేవాడు, రైతు గింజలు కొలిచేవాడు. ఒకరికొకరు ఆసరాగా బతికారు.

గోదారిగట్టు:
నా ఆస్తి సంగతి మీకెందుకు? వాదన చేతకాక మనిషి మీద పడుతున్నారు.

మోటబావి:
‘ఒకరికొకరు ఆసరా’ దగ్గర ఆగిపోయాను. మా తాత మాదిగ. మోట బొక్కెనలకు తోలు కుట్టేవాడు. ఏడాదంతా తెగిన చోటల్లా కుట్టి, పంట వచ్చాక కళ్ళం పక్కన చేతులు కట్టుకుని నిలబడితే మేర కింద గింజలు పోసేవారు, తాలు కలిపి. ఎంత పోయాలన్నది రైతు ఇష్టం. తక్కువైందని అడిగితే మర్నాటి నుంచి ఊళ్ళో బతుకు కష్టం. దొర గడీలో వెట్టి వేరే, దానికి గింజలు కూడా లేవు. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ జనం తిరగబడింది ఆ వెట్టి మీద కూడా. తాత కొత్తగూడెం బొగ్గు గనిలో చేరాక కూలి డబ్బు చేతిలో పడింది. దుకాణంలో రూపాయి పెడితే సరుకు వచ్చేది, ఎవరి దయా అక్కర్లేకపోయింది. దాన్ని తీసేస్తామంటే నాకు వణుకు పుడుతోంది.

నల్లరేగడి:
నేను కోరేది వెట్టి కాదన్నా. భూమి సంఘానిది, ఓటు అందరికీ సమానం.

మోటబావి:
ఓటు ఇస్తారు సరే, పది మందిలో ఒక్కణ్ణి నేనైతే? వాళ్ళతో పడక బయటికి పోవాలంటే చేతిలో ఏముంటుంది? కిబ్బుట్జ్‌లలో ఏళ్ళ తరబడి చాకిరీ చేసి వెళ్ళిపోయినవాళ్ళ చేతికి వచ్చింది చాలా తక్కువే.

నల్లరేగడి:
వెళ్ళేవాళ్ళకు ఏడాది బతికేంత ఉమ్మడి నిధి నుంచి ఇవ్వాలని మొదటి నిబంధన రాసుకుందాం.

గోదారిగట్టు:
ఆ నిధి డబ్బే కదా?

నల్లరేగడి:
బయటి లోకం మారేదాకా, అవును.

మోటబావి:
నిధి ఎవరి చేతిలో ఉంటుందో, ఇవ్వనంటే ఎవరి దగ్గరకు వెళ్ళాలో కూడా రాయండి. అది తేలేదాకా నా కూలి నా చేతికే రావాలి.

వానచినుకు:
నా గంటల గురించి ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు.